పేరు ముమ్మారు చెప్పాలి

ములకలపల్లి మండలంలో బీమా మహబూబీని ఎరగనివాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు నిన్నో మొన్నో ఊళ్లోకి వచ్చినవాళ్లే అయి ఉండాలి. ఇరవై ఏళ్లుగా ఆవిడ జీవిత బీమా ఏజెంటు. జామాయిల్ తోటల మధ్య మట్టిరోడ్డు మీద స్కూటీ చప్పుడు వినిపిస్తే చాలు, తండాలో ఆడవాళ్లు టీ గిన్నె పొయ్యి మీద పెట్టేస్తారు. తునికాకు డబ్బులు చేతికొచ్చే రోజుల్లో ఆమెకు అన్నం తినే తీరిక కూడా ఉండదు. నోరు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది.

ఆమెకో పద్ధతి ఉంది. అది ఏ కంపెనీ నేర్పిందీ కాదు. పాలసీ రాసేటప్పుడు, రేపు పాలసీ కట్టే మనిషి పోతే డబ్బు ఎవరికి చేరాలో ఆ నామినీ పేరును ఇంటిల్లిపాదీ వినేలా ముమ్మారు పైకి చెప్పిస్తుంది. నిఖాలో పెళ్లికి ఒప్పుకోలుగా ఖుబూల్ చెప్పించినట్టే. చెప్తేనే ఫారం నింపుతుంది. కాగితం ఏ చెదలకైనా పోవచ్చు గానీ నలుగురూ విన్న మాట పోదని ఆమె లెక్క. ఒకసారి తండాలో బిచ్యా పెళ్లాం మీద అలిగి ఉన్నాడు. నామినీ ఎవరంటే తమ్ముడి పేరు చెప్పాడు. పొయ్యి దగ్గరున్న పెళ్లాం శ్యామల గరిటె పట్టుకుని లేచింది. రెండోసారికి వాడి నోటికి శ్యామల పేరు దానంతటదే వచ్చింది. మొదటిది లెక్కలోకి రాదు, మళ్లీ మొదట్నుంచి కానియ్యమని మహబూబీ పట్టుబట్టింది. ఆ ముచ్చట ఇప్పటికీ తండాలో చెప్పుకుని పడీ పడీ నవ్వుతారు.

ఇంతకీ ఆమె మొట్టమొదట పేరు చెప్పించింది ఎవరి చేతో తెలుసా? తన మొగుడు షుకూర్ చేతే. కొత్త ఏజెంటుకు తొలి బేరం ఇంట్లోనే కదా! సెంటర్లో కుట్టుమిషన్లు బాగుచేసే షుకూర్ అప్పుడు కొత్త పెళ్లికొడుకు. పెద్దవాళ్లంతా కూర్చుని ఉండగా మహబూబీ, మహబూబీ, మహబూబీ అని గొంతెత్తి చెప్పాడు. ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది.

తొమ్మిదేళ్లకు ఆ కాపురం చెడింది. పిల్లల్లేరు, ఇద్దరికీ కోపం ముక్కు మీదే ఉంటుంది. పెద్దల్లో పెట్టి విడాకులు తీసుకున్నారు. షుకూర్ సనోబర్‌ను చేసుకున్నాడు, సైమా పుట్టింది. పాలసీ మాత్రం మహబూబీ దగ్గరే నడిచింది. ఏటా ప్రీమియం కట్టడానికి వచ్చి, టీ తాగి, చక్కెర తక్కువైందని ఓ మాట అని, ఆమె చేత నాలుగు మాటలు తిని పోయేవాడు. నామినీ పేరు మార్చే ఫారం పదేళ్లు ఆమె సంచిలోనే తిరిగింది. విడాకులైన ప్రతి ఇంటికీ వెంటపడి వెళ్లి పేర్లు మార్పించిన మనిషి, ఆ ఒక్క ఫారాన్ని మాత్రం బయటికి తీయలేదు.

పోయిన ఎండాకాలం షుకూర్ షాపులోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. కొత్తగూడెం తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. నలభై రోజులు నిండకముందే తగువు లేచింది. కాగితం మీద పేరు నీదే, ఐదు లక్షలూ నీవే, వదులుకోకు అన్నాడు మహబూబీ అన్న రెహమాన్. ఇదెక్కడి అన్యాయమని సనోబర్ తమ్ముడు మోయిజ్ అక్క చేత సంతకం పెట్టించి బీమా ఆఫీసులో అభ్యంతరం ఇచ్చాడు. ఆఫీసువాళ్లు డబ్బు ఆపేసి, మీలో మీరు ఒప్పుకుని రండి, లేదంటే కోర్టు కాగితం తెండి అన్నారు. కోర్టంటే ఏళ్లూ పూళ్లూ.

నాలుగైదు నెలలు గడిచాయి. సనోబర్‌కు మిగిలింది మూతపడ్డ కిరాయి షాపూ, ఎనిమిదేళ్ల పిల్లా. ఫీజు కట్టలేక సైమాను బడి మాన్పించిందని విన్న రోజు మహబూబీకి ముద్ద దిగలేదు. ఆ సాయంత్రమే బిచ్యా ఎదురై, అక్కా, మా కాగితాలు గూడ గిట్లనే ఉన్నయా అని అడిగాడు. ఇరవై ఏళ్లలో ఆమెను ఎవరూ అడగని మాట అది.

మర్నాడు పొద్దున్నే చెక్కుబుక్కు పట్టుకుని సనోబర్ ఇంటికి వెళ్లింది. వాకిట్లో మోయిజ్ అడ్డం నిలబడితే, జరుగు నాయనా, కాళ్లు నొప్పులు అంటూ అతణ్ణి తోసుకుని లోపలికి పోయి కూర్చుంది. ఐదు లక్షలకూ చెక్కు రాసి, సంతకం పెట్టి సనోబర్ చేతికిచ్చింది. అభ్యంతరం వెనక్కి తీసుకో, డబ్బు నా ఖాతాలో పడ్డ రోజే ఇది వేసుకో అంది. పడ్డ వెంటనే నువ్వు తీసేసుకుంటే ఈ చెక్కు గోడకంటించుకోవాలా అని మోయిజ్ ఎగిరాడు. సనోబర్ చెక్కు వంక చూడనేలేదు.

"ఒక్కటి అడుగుత ఆపా, నిజం చెప్పు. ఊరందరి పేర్లు మార్పించినవ్. మాది ఎందుకు మార్పియ్యలే?"

మహబూబీ సంచిలోంచి అంచులు నలిగిన ఫారం తీసి ముందు పరిచింది. అందులో అన్నీ నింపే ఉన్నాయి, సనోబర్ పేరుతో సహా. షుకూర్ సంతకం చోటు ఒక్కటే ఖాళీ.

"ఆయన వచ్చినప్పుడల్లా ముందల పెడదామనుకున్న. నా పేరు నేనే కొట్టేసుకోనీకి చెయ్యి రాలేదు చెల్లె. ఆయన దగ్గర నాకు మిగిలింది గదొక్కటే. తప్పు నాదే."

సనోబర్ కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి టీ పెట్టుకొచ్చింది. ఒక్క గుక్క తాగి మహబూబీ మొహం చిట్లించింది. ఇక్కడ ఇంత పాకం తాగి వచ్చి నా దగ్గర చక్కెర తక్కువని వంకలు పెట్టేవాడన్నమాట అంది. సనోబర్ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు ఇద్దరికీ ఆగలేదు. మోయిజ్‌కు ఏం చేయాలో తోచక తనూ ఓ కప్పు తీసుకున్నాడు.

సనోబర్ అభ్యంతరం వెనక్కి తీసుకుంది, నెల తిరక్కుండా మహబూబీ ఖాతాలో డబ్బు పడింది. సైమాను మధ్యలో కూర్చోబెట్టుకుని ఇద్దరూ ఒకే స్కూటీ మీద బ్యాంకుకు వెళ్తుంటే సెంటరంతా నోరు తెరుచుకుని చూసింది. సగం పిల్ల పేర డిపాజిట్ వేశారు. మిగతా దాంతో సనోబర్ షాపు తెరిచి, చీరలకు ఫాల్స్ కుట్టే మిషన్లు రెండు పెట్టింది. సైమా మళ్లీ బడికి పోతోంది.

ఒక ఆదివారం సనోబర్ నుంచి కబురొచ్చింది, నాకూ ఓ పాలసీ రాయి ఆపా అని. మహబూబీ వెళ్లేసరికి ఇల్లు నిండా జనం. శ్యామల బిచ్యాను కూడా లాక్కొచ్చింది. నామినీ ఎవరంటే సనోబర్ తడుముకోకుండా సైమా పేరు ముమ్మారు చెప్పింది. పిల్ల గర్వంగా అందరి మొహాలూ చూసింది. పిల్ల మైనరు గనక, పెద్దయ్యేదాకా ఆమె తరఫున డబ్బు అందుకునే మనిషి పేరొకటి రాయాలని చెప్పి, మోయిజేగా అంటూ మహబూబీ పెన్ను ఆనించబోయింది. సనోబర్ ఆ పెన్ను పట్టుకుని ఆపింది.

"మహబూబీ," అంది.

మహబూబీ తలెత్తి చూసింది. సనోబర్ మళ్లీ అదే పేరు చెప్పింది. ఏజెంటమ్మకు ఫారం మీది గళ్లు మసకబారాయి.

"ఆగు చెల్లె, కండ్లు తుడుచుకోనీ."

సనోబర్ ఆగలేదు. మూడోసారి వీధి చివరిదాకా వినపడేలా చెప్పింది. మహబూబీ తన పేరు తనే రాసుకుంది. ఈసారి చెయ్యి వచ్చింది.