విత్తనాల వేళ వ్యతిరేక పదాలు

నేను ఇంగ్లీషులో తప్పానని తెలిసినప్పుడు మా వీధిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టి, తెలుగు, సాంఘికం, ఆఖరికి లెక్కలు కూడా గట్టెక్కి, ఆ ఒక్కదాని దగ్గర బోర్లా పడ్డాను. అప్పటికి పన్నెండేళ్ళుగా మా ఊరి అంగన్‌వాడీలో ఆయాను. పిల్లల ముక్కులు తుడవడం, గుడ్లు ఉడకబెట్టడం నా పని. అక్కడి టీచరమ్మ మరుసటి ఏడాది రిటైరవుతుంది. పది పాసైతే ఆమె ఉద్యోగం నాకు రావచ్చు. లేకపోతే బయటినుంచి ఎవరో వస్తారు, నేను వాళ్ళ దగ్గర కూడా గుడ్లే ఉడకబెట్టుకుంటూ ఉంటాను. జూన్‌లో మళ్ళీ రాయడానికి అవకాశం ఉందన్నారు.

టీచరమ్మ పాత ప్రశ్నపత్రాలు తిరగేసింది. ఒక మాట ఇచ్చి, దానికి వ్యతిరేకార్థం వచ్చే మాటలు రాసి సొంత వాక్యాల్లో వాడమనే ప్రశ్న ఎక్కువసార్లు వస్తోందని చెప్పింది. పోయినసారి నేను ఆ ప్రశ్న జోలికే పోలేదు. ఆమె మొదట నేర్పింది 'గివ్ అప్'. అంటే మధ్యలో మానెయ్యడం, ఇక నా వల్ల కాదని చేతులెత్తెయ్యడం. అది నాకు ఒక్కసారికే వచ్చేసింది. తొమ్మిదో తరగతి మధ్యలో పుస్తకాలు అటకెక్కించినదాన్ని, కుట్టుమిషను నేర్చుకుంటానని పోయి వారానికే మానేసినదాన్ని, దాని అర్థం నాకు వేరే చెప్పాలా? ఎదురు మాటలే బుర్రకెక్కలేదు. కంటిన్యూ, క్యారీ ఆన్, కీప్ ఆన్, హోల్డ్ ఆన్, పర్సిస్ట్, పర్సివియర్. మానెయ్యడానికి ఒక్కటి సరిపోతే, మానకుండా ఉండటానికి ఇన్ని మాటలెందుకని విసుక్కున్నాను.

"ఒక్కోటి ఒక్కో రకం ఓర్పమ్మా," అంది టీచరమ్మ.

అవి విత్తనం కాయలు ఒలిచే రోజులు. మిషన్లో వేస్తే గింజ మీది పొర చిట్లి మొలక సరిగ్గా రాదని, విత్తనానికి మాత్రం మా వైపు చాలామంది ఇప్పటికీ వేరుశనగ కాయలు చేత్తోనే ఒలుస్తారు. ఇవాళ మా ఇంట్లో నలుగురు ఆడవాళ్ళు కూర్చుంటే, రేపు వాళ్ళలో ఒకరింటికి నేను పోవాలి. చాట ముందు కాగితం పెట్టుకుని నేను గొణుక్కుంటూ ఉంటే వాళ్ళు ఊరుకుంటారా? ఏమే అది, మాకూ చెప్పు అన్నారు. చెప్పాను. ఇక ఆ మాటలకు మనుషులను అంటగట్టడం మొదలైంది. ఇంటి ముందుకు కొళాయి తెప్పించుకోవడానికి మూడేళ్ళు పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరిగిన ఎదురింటామె పర్సిస్ట్. మేత లేని ఏడాది కూడా ఉన్న రెండు మేకలను అమ్మకుండా పట్టుకుని కూర్చున్నామె హోల్డ్ ఆన్. ఒకసారి మొదలుపెడితే ఆపకుండా తిట్టే మా అత్త కీప్ ఆన్. ఎంత కష్టమైనా చివరిదాకా విడవకుండా చెయ్యడమనే పర్సివియర్‌కు మాత్రం ఎవరూ దొరకలేదు.

"నన్ను చూసి ఏందే నగుతాండారు?" అని మా అత్త గదిమింది. నా చదువు మీద ఆమెకు గురి లేదు. కుట్టుమిషను మాదిరే ఇది కూడా వారం ముచ్చటేనని అందరి ముందూ అనేది. నాకు కోపం వచ్చేది కానీ, ఆమె మాటను కాదనడానికి నా దగ్గర సాక్ష్యం లేదు.

మా అత్త సంగతి చెప్పాలి. మాది రాళ్ళ చేను, ఇప్పటికీ ఎద్దుల గొర్రుతోనే విత్తుతాం. గొర్రు మీద జడ్డిగం అని చెక్క గిన్నె ఉంటుంది. వెనక నడిచే ఆడమనిషి పిడికిలితో గింజలు అందులోకి వదులుతూ పోవాలి. పిడికిలి ఒకే తీరుగా వదిలితేనే మొలకలు ఒకే ఎడంగా వస్తాయి. ఎక్కడ చెయ్యి తడబడిందో పది రోజులకు చేనే చెప్పేస్తుంది, పంట పీకేదాకా దారిన పోయేవాళ్ళంతా దాన్ని చదువుతారు. ఆ పనిలో మా అత్తను మించినామె ఊళ్ళో లేదని పేరు. నాలుగేళ్ళ కిందట ఆమె కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఆ ఏడే జడ్డిగం నాకు అప్పగించింది. ఎందుకని అడిగినవాళ్ళకు మోకాళ్ళ నొప్పులని చెప్పింది. వణుకు సంగతి ఇల్లు దాటనివ్వలేదు, పదిమందిలో కాయలు ఒలిచేటప్పుడు కూడా ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పిల్లలను, కోళ్ళను అదిలిస్తూ కూర్చునేది.

పరీక్ష ముందురోజు సాయంత్రం వాన దంచి కొట్టింది. తెల్లారేసరికి నేల మంచి పదునులో ఉంది. మా ఆయన గొర్రు, ఎద్దులు తెచ్చాడు. వాటికోసం ఇంకో నాలుగిళ్ళు కాచుకుని ఉన్నాయి కాబట్టి మాకు ఆ ఒక్క రోజే. కూలికి పిలుద్దామంటే ఆడవాళ్ళంతా ఎవరి చేలకు వాళ్ళు పోయారు. నేను హాల్‌టికెట్ తీసి మళ్ళీ పెట్టెలో పెడుతున్నాను.

"యాడ పెడతాండావు దాన్ని?" అంది మా అత్త.

"పదును పోతే మళ్ళీ వాన ఎప్పుడో అత్తా. పరీక్ష ఇంకోసారి రాసుకుంటాలే."

"కుట్టుమిషను కూడా ఇంకోసారి నేర్చుకుంటానంటివి. నేర్చుకుంటివా? పో, బస్సెక్కు. జడ్డిగం నేను పడతా."

"నీ చెయ్యి..."

"నా చెయ్యి సంగతి నాకు తెల్దా? పోతావా, కట్టె తీసుకోమంటావా?"

పోయాను. కదిరిలో పరీక్ష హాల్లో పేపరు ఇస్తే ఆ ప్రశ్నలో ఇచ్చిన మాట గివ్ అప్పే. నేను నవ్వు ఆపుకోలేకపోతే పక్క బెంచీవాళ్ళు నా వైపు చూశారు. పర్సివియర్ ఎంతకీ గుర్తు రాలేదు, మిగతావన్నీ రాశాను. సొంత వాక్యానికి క్యారీ ఆన్ తీసుకుని, మా ఇంట్లో ఈరోజు విత్తే పని మా అత్త సాగిస్తోంది అని రాశాను. పాసయ్యాను. ఇప్పుడు అంగన్‌వాడీ టీచర్ని నేనే, గుడ్లు ఉడకబెట్టే ఆయాతో తగువు పెట్టుకోకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నాను.

అయితే ఫలితాలు రాకముందే, మొలకలు పైకి వచ్చాయి. మా చేను బస్సు దారి పక్కనే. పోయి చూస్తే ఒకచోట గుత్తులుగా నాలుగైదు మొలకలు, ఆ పక్కనే బారెడు ఖాళీ. చేను పొడుగునా అంతే. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ సరిగా చూడకముందే ఖాళీల్లో గింజలు గుచ్చుదామని ఒడి నిండా తెచ్చుకుని వంగాను. మా అత్త గట్టు మీద కూర్చుని ఉంది. అంతలో బస్సు దిగి వస్తున్న పక్క వీధి ఆమె చేను చూసి ఆగింది.

"ఏమ్మా, మీ కోడలు నిద్రపోతా ఇత్తనం ఏసినాదా?" అని అరిచింది.

నాలుగేళ్ళుగా జడ్డిగం నాదే కాబట్టి ఆ నింద నా మీదే ఉండిపోయినా పర్వాలేదనుకున్నాను. మా అత్త లేచి నిలబడింది.

"దాన్ని అనొద్దు. ఏసింది నేను," అంది, వణికే కుడిచేతిని దారి వైపు ఎత్తి చూపిస్తూ. "నాలుగేండ్లాయ, ఈ చెయ్యి పోయి. నా కోడలు ఆ పొద్దు పరీక్ష రాసేకి పోయిండాది."