ప్రదర్శనలో పడుకున్న పెళ్లికొడుకు

ఆడపిల్లవాళ్లు పెళ్లికొడుకును చూడటానికి ఇంటికి వస్తారు. నన్ను మాత్రం పిచ్చాసుపత్రిలో చూశారు. అదీ నేను సొంత చేతులతో కట్టిన పిచ్చాసుపత్రిలో! నవ్వదలచినవారు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత జాలి అడ్డొస్తుంది.

డెబ్బైలలో సంగతి. పట్నంలో బొమ్మలేయడం నేర్చుకుని జనగామకు తిరిగొచ్చాను. బొమ్మను గోడకు తగిలించడం పాతపద్ధతి, గదినే బొమ్మగా చెయ్యాలని అక్కడెవరో అంటే తలకెక్కించుకున్నాను. కాలేజీ ప్రదర్శనలో నాకో గది ఇచ్చారు.

మా మేనత్త రాజవ్వ ఏడాదిపాటు పట్నం పిచ్చాసుపత్రిలో ఉండి, బాగై వచ్చింది. మా ఇంట్లో దాని పేరు కాశీయాత్ర. చిన్నప్పుడు నాయిన వెంట వెళ్లి ఆ వార్డు చూసినవాణ్ని కదా, ఆ ఒంటరితనం చూపించి జనగామ మొత్తాన్ని ఏడిపించాలనుకున్నాను. హాస్టల్ ఇనుప మంచం, కిటికీకి నల్లరంగు పూసిన వెదురు కడ్డీలు, సొట్ట సత్తుగిన్నె. మంచం మీద చారల పైజామాలో రోగిని నేనే. ఎవరు పలకరించినా పలకనని ఒట్టు పెట్టుకున్నాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. నేను పిచ్చి లేకుండానే చుట్టుకున్నాను.

మొదట మా వాడకట్టు బుచ్చవ్వ వచ్చింది.

"ఏం కొడుకా, గిట్ల పన్నవేంది?"

నేను పైకప్పు చూస్తున్నాను.

"జెరమొచ్చిందా? మీ నాయినకు ఎరుకేనా?"

పైకప్పే.

"అయ్యో, పిలగానికి మాట పడిపాయె!"

ఇంకేముంది! మావైపు రోగిని చూడటానికి ఉత్తచేతులతో రారు, వచ్చాక ఒంటరిగా వదలరు. కాసేపట్లో నా ఒంటరితనం జాతరైంది. బేకరీ డబల్ రొట్టెలు, అరటిపళ్లు, గోలీసోడాలు. ఒకామె నా తలకు నూనె పెడుతోంది. ఇంకొకామె ఉప్పుతో దిష్టి తీస్తోంది. ఒక పెద్దమనిషి మంచం మీద కూర్చుని తన మోకాళ్ల నొప్పులన్నీ నాకే చెప్పుకుంటున్నాడు. ఎదురుమాట్లాడని శ్రోత ఆయనకు జన్మలో దొరికినట్టు లేడు.

కళ కోసం అన్నీ ఓర్చుకున్నాను. ఇంతలో గుమ్మంలో నాయిన, ఆయన పక్కన వెంకటయ్య పటేలు! బచ్చన్నపేటలో ఆయన కూతురు సుజాతను చూసినప్పటినుంచి నాకు మరో సంబంధం మాటే రుచించలేదు. మా ఇల్లు చూసి మాట ఖాయం చేయడానికి వచ్చిన మనిషి, బస్టాండులోనే నా కబురు విన్నాడట. చేతిలో డబల్ రొట్టె ఉంది.

ఒట్టు గట్టున పెట్టి లేచాను. "మామా, నాకేం కాలేదు! ఇది కళ!"

"కళనట, పాపం" అని బుచ్చవ్వ కళ్లొత్తుకుంది.

"నాకు పిచ్చి లేదు!" కడ్డీలు పట్టుకుని అరిచాను.

"నేను గూడ అప్పుడు గట్లనే అన్న" అంది మేనత్త, జనాన్ని తోసుకుని లోపలికి వస్తూ.

"రాజవ్వా!" నాయిన గద్దించాడు. నా పెళ్లి గోదాట్లో కలిసిందనుకున్నాను.

"ఎన్నొద్దులు దాస్తవన్నా? పటేలా, నేను కాశికి పోలే. పిచ్చి దవాఖానల ఉన్న. మందులేసుకున్న, మంచిగై వచ్చిన. ఆడ అసలు బాధ మనోళ్లు ఎప్పుడొస్తరా అని దర్వాజ దిక్కు చూసుడే. మా అన్న, గీ పోరడు తప్పకుంట వచ్చిండ్రు. గందుకే నిలబడ్డ. వీనికి పిచ్చి లేదు, తెలివే జర తక్కువ."

పటేలు ఆమెను తేరిపార చూశాడు.

"ఇప్పుడు మంచిగనే ఉన్నవా చెల్లే?"

"ఇంటికి రా, అంబలి పోస్త. తాగి నువ్వే చెప్పు."

పటేలు నాయిన భుజం మీద చెయ్యేశాడు. "దాసిండ్రు గని ఇడిసిపెట్టలే. నా బిడ్డను మీ ఇంటికే ఇస్త బావా."

ఊరిని ఏడిపిద్దామని కట్టిన గదిలో చివరికి ఏడ్చింది నేనొక్కణ్నే. సంతోషం పట్టలేక మేనత్తను వాటేసుకున్నాను. పటేలు దగ్గరికొచ్చి డబల్ రొట్టె నా చేతిలో పెట్టి, మెల్లగా చెవిలో అన్నాడు:

"మందులు మాత్రం ఆపకు అల్లుడూ."

ఆయన బతికున్నన్నాళ్లూ ఆ అనుమానం తీరలేదు. అందుకే సుజాత సాక్షిగా ప్రమాణం చేసి చెబుతున్నాను: ఇక ఈ జన్మలో కళ కోసం మంచమెక్కను. మధ్యాహ్నం కునుకు తీసినా సరే, ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే పలుకుతాను.