స్కూటరు మనిషి కోసం వెతికిన పాఠకుడు

2023 చలికాలం. తిరుపతి కొర్లగుంటలో ఒక మేడ మీది గదిలో నా పని. బోర్డు లేదు. తెలిసినవాళ్లు చెబితే వెతుక్కుంటూ వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లలో చాలామంది సొంతంగా బొమ్మల కథలు గీసుకొనేవాళ్లు. వాళ్లకు వెనక పత్రిక ఉండదు, ప్రచురణకర్త ఉండడు. గీసినదాన్ని నేరుగా ఇంటర్నెట్‌లో పెట్టి నలుగురికీ లింకు పంపుతారు. దాన్నే వెబ్‌కామిక్ అంటారు.

నేను చేసేది ఇంటరాక్టివ్ వెబ్‌కామిక్స్. ఫోన్‌లో బొమ్మల్ని కిందికి జరుపుకుంటూ చదువుతుంటే కొన్నిచోట్ల కథ ఆగిపోయి, ఇప్పుడు ఏం చేయాలో మీరే చెప్పండని రెండు మూడు బటన్లు చూపిస్తుంది. మనం ఏది నొక్కితే కథ అటు పోతుంది. అలా చీలిన ఒక్కో దారిని బ్రాంచ్ అంటాం. బొమ్మలు ఆర్టిస్టువి, దారులు కలపడం నాది.

ఈ పనిలో అనుమానం తొందరగా అలవాటవుతుంది. ఇంకొకరి బొమ్మల్ని తమవని తెచ్చేవాళ్లు, తమ కామిక్‌ను తామే పది దొంగ పేర్లతో మెచ్చుకొనేవాళ్లు నాకు తగిలారు. అందుకే ఎవరేం చెప్పినా సగం పక్కన పెట్టి వింటాను. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో పేర్లన్నీ మార్చాను. ఊళ్లు కూడా కొన్ని మార్చాను.

లావణ్య పాకాల అమ్మాయి. తిరుపతిలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరు. శనివారం బడి వదలగానే ట్యాబ్ సంచిలో పెట్టుకొని నా గదికి వచ్చేది. తన పేరు బయటికి రాకుండా 'కుంచె' అన్న పేరుతో ఒక కామిక్ గీస్తుండేది. అందులో చంద్ర అనే అమ్మాయికి ఇంట్లోవాళ్లు మేనమామతో పెళ్లి ఖాయం చేస్తారు. ఆమెకు ఇష్టం లేదు. ఒకనాటి వేకువన చేతిసంచితో వడమాలపేటలోని ఇల్లు విడిచి రోడ్డు మీదికి వస్తుంది. అక్కడినుంచి కథ చదివేవాళ్ల చేతిలో ఉంటుంది. పుత్తూరు బస్సు ఎక్కించవచ్చు, రేణిగుంట వైపు పోయే లారీని ఆపించవచ్చు, మనసు మార్చి వెనక్కి పంపవచ్చు. ఒక బ్రాంచ్‌లో మాత్రం హెల్మెట్ పెట్టుకున్న ఒక ఆడమనిషి స్కూటరు మీద వచ్చి, చంద్రను పాకాల స్టేషన్ దాకా తీసుకుపోయి కాట్పాడి రైలెక్కిస్తుంది. ఆ మనిషి ముఖం ఎక్కడా కనిపించదు.

చదివేవాళ్లు వారం వారం పెరుగుతున్నారు. ఒక రోజు బొమ్మల కింద ఒక కామెంట్ వచ్చింది. రాసినవాళ్ల పేరు 'ప్రయాణికుడు'. "సంచి ఎర్రది కాదు, నీలం" అని, అంతే ఉంది.

ఆ శనివారం లావణ్యకు చూపించాను. మనిషి బిగుసుకుపోయింది. నా అనుమానం మొదట ఆమె మీదికే పోయింది.

"ఇది నువ్వే రాసుకున్నావా?"

"నేనెందుకు రాసుకుంటానక్కా?"

"ఇదేదో నిజంగా జరిగినట్టుందే అనిపిస్తే జనం ఎగబడి చదువుతారు. ఇట్టాంటివి చేసినోళ్లు ఉండారులే."

కోపం తెచ్చుకొని ఉంటే నమ్మేదాన్నేమో. తెచ్చుకోలేదు. తాను గీసిన ఎర్ర సంచిని తెర మీద పెద్దది చేసి చూస్తూ కూర్చుంది.

"నీలం సంచే అక్కా. తెలిసే మార్చి గీసినాను," అంది చివరికి.

అప్పుడు చెప్పింది. కథ కల్పించింది కాదు. కాలేజీలో తనతో చదివిన నీరజ నిజంగానే అలా వెళ్లిపోయింది.

"మేజరునని, నా ఇష్టంతోనే పోతా ఉండానని పోలీసులకు చెప్పే పోయినాది. అయినా వాళ్లన్న వదల్లేదు. ఎన్ని హాస్టళ్లు తిరిగినాడో, ఎంతమంది స్నేహితుల ఇండ్ల ముందర నిలబడినాడో లెక్కలేదు. మా ఇంటికీ వచ్చినాడు. నాకేం తెలీదని చెప్పినాను."

"ఇప్పుడెక్కడుంది?"

"తెలీదక్కా. ఎవరికీ తెలీకూడదనే పోయినాది."

ఆ మాట ఆమె నన్ను చూస్తూ చెప్పలేదు. ఇంకా ఏదో దాస్తోందని నాకు అనిపించింది. అడగలేదు.

మరుసటి వారం సైటులో ఆర్టిస్టుకు విడిగా రాసే చోటికి ఒక మెసేజ్ వచ్చింది. "నేను నీరజను. బాగుండాను. నా కథ ఎవరో గీస్తా ఉండారని తెలిసి ఏడుపొచ్చినాది. ఆ పొద్దు నన్ను స్కూటరు మీద తీసుకుపోయిన ఆమెకు నా వల్ల ఏం కష్టం రాలేదు గదా? ఆమె ఇప్పుడు యాడుండాది?"

లావణ్య దాన్ని మూడుసార్లు చదివింది. కళ్లు నిండాయి.

"బాగుందంటక్కా. ఇప్పుడే జవాబు రాస్తాను."

"కాసేపు ఆగు."

"ఎందుకు ఆగాల? గీసేది నేనని తనకు తెలీదు గదా, అందుకే అట్ట అడిగింది."

"కావచ్చు. అయినా ఆగు."

"మీకు అందరి మీదా అనుమానమే," అంది. ఆ గొంతులో మొదటిసారి విసుగు విన్నాను.

మా పనిలో అనలిటిక్స్ అని ఒకటుంది. చదివేవాళ్లు ఎవరన్నది అది చెప్పదు. ఏ ఫోను ఏ బటన్ నొక్కింది, ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగింది, సుమారుగా ఏ ప్రాంతం నుంచి వచ్చింది అన్నవి చెబుతుంది. కథ ఎక్కడ విసుగు పుట్టిస్తోందో తెలుసుకోవడానికి వాడతాం. ఆ సాయంత్రం నేను ఒక్క ఫోను కోసమే దాన్ని తెరిచాను.

మామూలు పాఠకుడికి చంద్ర ఏమవుతుందోనన్న ఆత్రం ఉంటుంది. ఒక దారి పట్టి చివరిదాకా పోతాడు, తర్వాత వెనక్కి వచ్చి ఇంకో దారి చూస్తాడు. 'ప్రయాణికుడు' అన్న పేరుతో కామెంట్ వచ్చిన ఫోను అలా చదవలేదు. నీరజ పేరుతో మెసేజ్ వచ్చిందీ ఆ ఫోన్ నుంచే. బస్సు దారిలో పోయి, స్కూటరు కనిపించకపోతే సగంలోనే బయటికి వచ్చేసింది. లారీ దారిలోనూ అంతే. స్కూటరు వచ్చిన దారిలో మాత్రం మళ్లీ మళ్లీ తిరిగింది. హెల్మెట్‌ను పెద్దది చేసి చూసింది. నంబరు ప్లేటు ఉండాల్సిన చోటును పెద్దది చేసింది. హ్యాండిల్ పట్టుకున్న ఎడమ చేతిని, దాని మీది రెండు నల్ల గాజులను ఎన్నిసార్లు చూసిందో. రైలు కదిలే బొమ్మ దాకా ఒక్కసారి కూడా పోలేదు. చంద్ర క్షేమంగా చేరిందా లేదా అన్నది ఆ ఫోనుకు అక్కరలేదు. ప్రాంతం చిత్తూరు వైపు చూపిస్తోంది.

లావణ్యను పిలిపించి అదంతా చూపించాను.

"నీరజే అయితే, తనను తీసుకుపోయింది ఎవరో తనకు తెలుసు గదా. గాజుల్ని పెద్దవి చేసి చూసే పనేముంది?"

ఆమె ఎడమ చేతిని మెల్లగా చున్నీ కిందికి లాక్కుంది. రెండు నల్ల గాజులు అప్పుడు చూశాను. వారం వారం నా ఎదురుగా కూర్చున్న చెయ్యే అది.

"ఆ స్కూటరు నాదే అక్కా," అంది. "రైలెక్కేటప్పుడు, నా నంబరు కూడా నీ దగ్గర ఉండకూడదు అనింది నీరజ. యాడుందో నాకు నిజంగానే తెలీదు. ఎవరికీ చెప్పుకోలేక గీసినాను. ఇన్ని దారుల్లో ఒక దారే గదా, ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నా."

"ఆ ఫోను వెనక ఎవరై ఉంటారు?"

"వాళ్లన్న గిరి తప్ప ఇంకెవరు? సంచి రంగు ఇంట్లోవాళ్లకే తెలుసు."

ఆమె ఊహ సరైందో కాదో తేల్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఒక మంగళవారం పొద్దున ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. తెల్ల చొక్కా, మర్యాదగల మాట. చిత్తూరులో మామిడి గుజ్జు వ్యాపారమని, వెబ్‌సైట్ చేయించాలని చెప్పాడు. ఎలాంటిది కావాలంటే ఏదైనా సరేనన్నాడు. నేను చేసిన పనులు చూపించమన్నాడు. రెండు చూపించానో లేదో, తన ఫోన్ తీసి లావణ్య కామిక్ నా ముందు పెట్టాడు.

"ఇది మీరే చేసినారంట గదా మేడమ్. అడుగున మీ పేరుండాది."

"దారులు కలిపింది నేను. కథ నాది కాదు."

"బాగుండాది సూడండి. ఈ బొమ్మలేసిన పాప ఏ ఊరు?"

"ఆర్టిస్టుల వివరాలు మేం చెప్పం."

ఆయన నవ్వాడు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"మీ దగ్గర దాసేదేముంది. మా సెల్లెలు ఇట్టనే పోయినాది మేడమ్. అమ్మ సరిగ్గా అన్నం తిని ఎన్నాళ్లయిందో. యాడుందో తెలిస్తే సాలు మాకు."

నా అనుమానం ఒక్క క్షణం సడలింది. అమ్మ సంగతి అబద్ధమని నాకిప్పటికీ అనిపించదు. ఇంటి మనిషి కనబడక తిరుగుతున్నవాడి ముందు కూర్చొని నోరు మూసుకోవడం తేలిక కాదు. అందుకే అడిగాను.

"తెలిస్తే ఆమెకు ఏం చెబుతారు?"

"సెప్పేదేముంది?" అన్నాడు, ఆ ప్రశ్న ఎందుకో అర్థం కానట్టు. "బండెక్కించుకొని తెచ్చుకోవడమే. మా మామ ఇంకా కాసుకొనే ఉండాడు. ఆమెను ఎక్కించి పంపిన మనిషితో గూడా మాట్లాడాల్సింది ఉండాది."

అప్పటిదాకా మర్యాదగా ఉన్న గొంతు ఆ చివరి మాట దగ్గర మారింది. వెబ్‌సైట్ పని ప్రస్తుతం తీసుకోలేనని చెప్పాను. మళ్లీ వస్తానని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి గదంతా ఒకసారి కలయజూశాడు. ఇక్కడికి ఎవరెవరు వస్తుంటారో లెక్క వేసుకుంటున్నట్టు అనిపించింది. ఆ రోజు నుంచి లావణ్యను నా గదికి రావద్దన్నాను. ఫోన్‌లోనే మాట్లాడుకున్నాం.

"కామిక్ తీసేద్దాం," అన్నాను.

"ఇప్పుడు తీసేస్తే అవునని ఒప్పుకున్నట్టే గదక్కా. ఆ ఒక్క బ్రాంచ్ తీసినా అంతే. అది నిజమని ఇంకా గట్టిగా నమ్ముతాడు."

ఆమె చెప్పింది నిజమే. తర్వాత ఆమే అడిగింది.

"తీయకుండా, ఇంకా కలిపితే?"

అలా మొదలైంది. చంద్ర ఎలా వెళ్లింది, ఎవరు సాయం చేశారు, ఎక్కడ దిగింది అన్నవి మీరే రాసి పంపండని పాఠకులను అడిగాం. ఎందుకన్నది ఎవరికీ చెప్పలేదు. అనంతపురంలో ఒకరు, కడపలో ఒకరు, వేలూరులో తెలుగు తడబడుతూ రాసే ఒక తమిళ కుర్రది, ఇలా ఆన్‌లైన్‌లో తప్ప ఎన్నడూ కలవని ఆర్టిస్టులు వచ్చినవాటిని ఒక్కో దారిగా గీసిచ్చారు. ఒకదాంట్లో చంద్రను పాలవ్యాను డ్రైవరు తీసుకుపోయాడు. ఇంకోదాంట్లో ఆమె బడి హెడ్‌మాస్టరు. ఇంకోదాంట్లో సొంత మేనత్తే. స్కూటర్లు కూడా నాలుగైదు వచ్చాయి. ఒక స్కూటరు మీద మీసాల ముసలాయన ఉన్నాడు. సంచి ఎరుపు, నీలం, పసుపు, గళ్లది. చంద్ర హుబ్బళ్లిలో దిగింది, సూరత్‌లో దిగింది, విశాఖలో దిగింది. లావణ్య గీసిన పాత దారి ఎక్కడికీ పోలేదు. వాటి మధ్య అలాగే ఉంది. కాని ఏది మొదటిదో, ఏది నిజమో కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదు. పాతవాళ్లకూ గుర్తుండదు.

చిత్తూరు ఫోను ఇంకొన్ని రోజులు వచ్చింది. పాలవ్యాను దారిలో ఆగింది, మేనత్త దారిలో చాలాసేపు ఆగింది. గిరి నా దగ్గరికి మళ్లీ ఒకసారి వచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

"అయితే అదంతా కట్టుకథేనా మేడమ్?"

"ఎవరికి తోచింది వాళ్లు పంపుతున్నారు. మీరూ పంపొచ్చు."

నా ముఖంలోకి సూటిగా చూశాడు. నమ్మాడో, ఓపిక అయిపోయిందో నాకు తెలియదు. మెట్లు దిగిపోయాడు. తర్వాత ఆ ఫోను రావడం ఆగిపోయింది. వేరే ఫోనుతో వస్తున్నాడేమోనన్న సందేహం మాత్రం నాకు పోలేదు.

చివరగా వచ్చిన వాటిలో పేరు లేకుండా ఒకటుంది. అందులో చంద్ర ఏ ఊళ్లో దిగిందో రాయలేదు. ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం, ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఒక గది, ఆదివారం తన బట్టలు తానే ఉతికి ఆరేసుకొని వాటి పక్కనే నేల మీద కూర్చొని అన్నం తినడం. చివర ఒక వాక్యం: "చంద్రను ఎవరూ వెతకనవసరం లేదు, ఆమె తప్పిపోలేదు."

లావణ్య ఫోన్ చేసింది. "ఇది యాడనుంచి వచ్చిందో మీరు చూడొచ్చు గదక్కా."

చూడవచ్చు. రెండు నొక్కుల పని. నీరజే రాసిందేమో. మమ్మల్ని కదిలించడానికి గిరి రాసిందేమో. ఇద్దరూ కాని ఇంకెవరో, తమ సొంత సంగతి రాసుకున్నారేమో.

"చూడమంటావా?" అన్నాను.

"వద్దు," అంది. "గీసేస్తాను."

గీసింది. మిగతా అన్నిటి మాదిరే, ముందూ వెనకా కాకుండా మధ్యలో పెట్టాం. ఆ రోజే నేను ఆ కామిక్ అనలిటిక్స్ మొత్తం తుడిచేశాను. దాంతో ఆ చివరి మెసేజ్ ఎక్కడినుంచి వచ్చిందన్న లెక్క కూడా పోయింది.

అప్పటినుంచి ఫోనులవారీగా లెక్క చూపే పద్ధతి నేను ఏ కామిక్‌కూ పెట్టడం లేదు. కథ ఎక్కడ విసుగు పుట్టిస్తోందో ఆర్టిస్టులు పాఠకులను అడిగి తెలుసుకుంటారు. ఇంకొకటి, కొత్తగా ఎవరు వచ్చినా బొమ్మలు చూడకముందే ఒక ప్రశ్న అడుగుతాను. ఇది ఎవరి కథ, వాళ్లను వెతికేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. చాలామంది నవ్వుతారు. ఎప్పుడో ఒకరు నవ్వకుండా ఆగిపోతారు. అప్పుడు తలుపు దగ్గరికి వేసి వచ్చి, తీరిగ్గా కూర్చుంటాను.