పట్టు తప్పిన పద్నాలుగో నంబరు

నేను అన్నీ డైరీలో రాసుకుంటాను. ఈ ఒక్క సంగతి మాత్రం అందులో కూడా లేదు. ఐర్లాండు రగ్బీ జట్టులో ఆడిన ఒక మనిషి చేసిన తప్పును నేను కళ్ళారా చూసి, జరగలేదని చెప్పాను.

మాది పుంగనూరు. రోజూ పొద్దున్నే బస్సెక్కి మదనపల్లెకి పోయేదాన్ని. అక్కడ ఒక బట్టల కొట్టు పైన మా ఆఫీసు. ఎక్కడెక్కడి ఆటల వీడియోలో అక్కడికి వస్తాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని చూస్తూ, ఏ ఆటగాడు ఎప్పుడు ఏం చేశాడో కీబోర్డు మీద నొక్కుతూ పోవాలి. బంతి అందిస్తే ఒక కీ, తన్నితే ఒకటి, ఎదుటివాణ్ణి పట్టి పడేస్తే ఒకటి, పట్టు తప్పితే ఇంకొకటి. ఎవరితోనూ మాట్లాడే అవసరం లేని పని. అందుకే చేరాను.

ఒకే ఆటను ఇద్దరు విడివిడిగా చూడాలి. నేను చూసినదాన్నే కుప్పం బ్రాంచిలో ఒక అక్క చూసేది. తర్వాత ఫోనులో సరిచూసుకునేవాళ్ళం. ఇద్దరికీ కుదరని చోట మా సూపర్‌వైజరు తేల్చి, పొరపడినవాళ్ళ పేరు మీద తప్పు రాసేవాడు. అక్కను నేనెప్పుడూ చూడలేదు. నలభై దాటిన మనిషని, రామకుప్పం దగ్గర పల్లె అని ఆమె చెబితేనే తెలుసు.

"తినేసినావామ్మా?"

"తిన్నానక్కా."

"ఏం తిన్నావో సెప్పవు. నీ నోట్లోంచి ఇంకో మాట రావాలంటే జేసీబీ తేవాల."

రోజు మొత్తంలో నాతో అలా మాట్లాడేది ఆమె ఒక్కతే.

రగ్బీ మాకిద్దరికీ కొత్త. మొదటి ఆట చూసి అక్క అంది: "ఇదేం ఆటమ్మా! మా పక్క ఏనుగులు పడిన రాగి చేను మాదిరుండాది ఆ నేల."

ఐర్లాండు జట్టు పాత ఆటలు వరసగా వచ్చేవి. ఆకుపచ్చ చొక్కా, వీపు మీద పద్నాలుగో నంబరు: ఆయన్ని అలాగే గుర్తుపట్టేదాన్ని. మొదటి ఆటలో ఆయన బక్కగా ఉన్నాడు. ఆటకు ముందు అందరూ వరసగా నిలబడి జట్టు పాట పాడుతుంటే ఆయన పెదవులు మాత్రం కదల్లేదు. ఆయన చోటు మైదానం అంచున, గీత పక్కన. దాన్ని వింగర్ అంటారు. మధ్యలో ఉన్నవాళ్ళు చేతులు మారుస్తూ పంపితేనే బంతి ఆయన దాకా వస్తుంది. చాలాసార్లు దారిలోనే ఆగిపోయేది. ఆయన అరచేతులు నిక్కరుకి తుడుచుకుని మళ్ళీ నిలబడేవాడు. వచ్చిందంటే మాత్రం, గీతకీ మనుషులకీ మధ్య జానెడు సందులో పరిగెత్తి, చివరి గీత అవతలి గడ్డి మీద బంతి ఆనించేవాడు. అలా ఆనిస్తే పాయింట్లు. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే తనవాళ్ళంతా ఇంకా దూరంగా ఉండేవాళ్ళు.

'ఈ రోజు బంతి ఆయన దాకా రాలేదు' అని డైరీలో రాసేదాన్ని. ఆ వాక్యం రాశాక నా గురించి వేరే రాయబుద్ధయ్యేది కాదు.

ఆయన పదేళ్ళ ఆట నాకు కొన్ని నెలల్లో అయిపోయింది. సోమవారం ఒత్తుగా ఉన్న జుట్టు శుక్రవారానికి పలచబడింది. మోకాలికి పట్టీ పడింది. ఒక ఏడాదంతా కనపడలేదు. తిరిగొచ్చాక పరుగు తగ్గింది. ఫోనులో నేను ఆయన గురించే అడుగుతానని అక్క ఆయన్ని 'నీ పద్నాలుగు' అనేది.

"నీ పద్నాలుగుకి మోకాలు పోయిందమ్మా," అంది అక్క. "మా ఇంటాయన గూడా ఇట్లనే మెట్లు దిగేది."

ఆ నెలలో అక్కకి అప్పటికే రెండు తప్పులు పడ్డాయి. "ఇంకోటి పడిందంటే తీసేస్తారంట. ఈ వయసులో యాడికి పోయేది సెప్పు," అంది నవ్వుతూనే.

ఆ వారమే ఆయన చివరి ఆట వచ్చింది. ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా ఎదుటి జట్టువాడు ఆయన పక్కకే దూసుకొచ్చాడు. ఆయన వంగి పట్టుకున్నాడు. చేతులు వాడి తొడ మీద నుంచి మోకాలికి, మోకాలి నుంచి గాల్లోకి జారాయి. ఆయన బురదలో బోర్లా పడ్డాడు. వాడు పోయి బంతి ఆనించాడు. ఐర్లాండు ఓడిపోయింది. అయినా జనమంతా లేచి ఆయన కోసం చాలాసేపు చప్పట్లు కొట్టారు.

నా వేలు కీ మీదే ఉంది. నొక్కలేదు.

ఫోనులో అక్క అంది: "ఆఖర్లో నీ పద్నాలుగు పట్టు తప్పినాడు గదా, నీ దాంట్లో లేదే?"

"వాడు ఆయన చేతికే అందలేదక్కా."

"సెయ్యి జారింది నేను సూసినానే."

"లేదక్కా."

"సరేలే, సారు తేలుస్తాడు."

సారు టీ గ్లాసుతో నా కుర్చీ వెనక్కొచ్చి నిలబడ్డాడు. "ఈ పాపది ఇంతవరకూ ఒక్క తప్పు లేదు. ఇది కుప్పం ఆమె పొరపాటే," అని వీడియో తెరవకుండానే తేల్చేశాడు. ఒక్కసారి చూడండి సార్ అనడానికి నాకు వ్యవధి ఉంది. ఆయన గ్లాసులో టీ ఇంకా సగం ఉంది. కానీ అంటే, ఎందుకు దాచావని అడుగుతారు. ఎక్కడో ఎప్పుడో అయిపోయిన ఆట. నేను నొక్కినా నొక్కకపోయినా ఆ మనిషికి వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. ఆ సంగతి నాకు తెలిసే చేశానని పది మంది ముందు ఎలా చెప్పను? తల వంచుకుని తర్వాతి వీడియో తెరిచాను.

శనివారం అక్క ఫోన్ చేసింది. సోమవారం నుంచి రావద్దన్నారట. గొంతులో కోపమేమీ లేదు. చెప్పేద్దామని "అక్కా" అన్నాను. ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నువ్వేం బాధపడొద్దు పాపా," అంది ఆమె. "నువ్వు అబద్ధం సెప్పే పిల్లవి కాదు. లేనిది ఉన్నట్టు నాకు కనపడతాండాదంటే, పోయి కండ్లు సూపించుకోవాల్సిందే."