పనైపోయిన అంబాసిడర్

సాల్మన్ గొంతు పెంచగా తాడేపల్లిగూడెంలో విన్నవాళ్ళు లేరు. అయినా అతనితో పోట్లాడి గెలిచినవాళ్ళూ లేరు. అతని కార్ల షెడ్డుకి ఎదురుగా ఇడ్లీ కొట్టు నడిపే సత్యవతి ఆ సంగతిని బాపిరాజు వచ్చిన రోజున కళ్ళారా చూసింది.

బాపిరాజుకి ఉండి ఊరి దగ్గర చేపల చెరువులున్నాయి. నోరు ఆ చెరువులకన్నా పెద్దది. సాల్మన్ సొట్టలు తీసిన కారు తలుపు సరిగా పడటం లేదని వచ్చి, వీధంతా వినేలా అరిచాడు.

"ఇది తలుపా, తడికా?"

"తప్పు నాదేనండి."

"నువ్వేసిన తలుపు నాకక్కర్లేదు. తీసెయ్!"

"ఆయ్, అలాగేనండి."

సాల్మన్ స్పానరు తెచ్చి తలుపు ఊడదీశాడు. గీత పడకుండా గోనెసంచిలో చుట్టి వెనక సీట్లో పడుకోబెట్టి, "జాగ్రత్తగా వెళ్ళిరండి" అన్నాడు. బాపిరాజు ఆ బోసి కారులో బజారు చివరిదాకా వెళ్ళాడు. దారిలో కనిపించిన ప్రతివాడూ ఆపి మరీ పరామర్శించాడు. తిరిగొచ్చి, "నాయనా, బిగించెయ్" అన్నాడు. అది చూసి నవ్విన నవ్వులో సత్యవతి చట్నీకి రెండోసారి ఉప్పు వేసింది. తిన్నవాళ్ళు చెప్పినా ఒప్పుకోలేదు.

ఆమె పెరట్లో ఒక అంబాసిడర్ ఉంది. భర్త బాలస్వామి బతికున్నప్పుడు దాన్ని బాడుగకి తిప్పేవాడు. పొద్దున ద్వారకా తిరుమలకి భక్తులు, సాయంత్రం కొల్లేటి నుంచి ఎండుచేపల మూటలు. భక్తులు ముక్కు మూసుకుని కొండెక్కేవారు. వెనక సీటు ఎప్పుడూ బాడుగవాళ్ళదే. పేరుకి యజమానురాలే గానీ, సత్యవతి ఎప్పుడు ఎక్కినా ముందు సీట్లో మూట పక్కన మరో మూటలా కూర్చునేది. బాలస్వామి పోయాక ఆ వెనక సీటు కోళ్ళకి దక్కింది. ఒక్కసారి అందులో కాళ్ళు చాపుకుని కూర్చుని కొల్లేటి గట్టు మీద తిరిగి రావాలని ఆమె కోరిక. ఎవరితోనూ చెప్పలేదు, ఒక్క సాల్మన్‌తో తప్ప.

టీవీలో పాత కార్లను కొత్తవి చేసే కార్యక్రమం ఒకటి వస్తుంది. సత్యవతి వదలకుండా చూస్తుంది, వదలకుండా తిడుతుంది. ప్రకటనలకి ముందు తుప్పు, ప్రకటనల తరువాత తళతళ! ఒక్కడూ టీ తాగడు. కరెంటు పోదు. నట్టు కోసం ఏలూరు వెళ్ళి వేరే సైజు తెచ్చుకుని తల బాదుకునేవాడు ఒక్కడూ కనబడడు. సాల్మన్ ఒకసారి ఇడ్లీ తింటూ చూసి, "సొట్టలకి పూసిన లప్పం ఎప్పుడు ఆరిందండి మరి?" అని ఒక్క ప్రశ్న వేశాడు.

అలాంటి టీవీవాళ్ళే ఒకరోజు ఆమె కొట్టుకి వచ్చారు. గిరిధర్ అని, హైదరాబాదు నుంచి. కథ ఉన్న పాత బండి కావాలట, చిన్న ఊరి మేస్త్రీ కావాలట. బండికి పట్టే సామానంతా తామే ఇస్తామన్నాడు. సత్యవతి కోళ్ళను ఖాళీ చేయించింది.

సాల్మన్ పనిలోకి దిగాక బండి అసలు రూపం బయటపడింది. అడుగు రేకు మీద స్క్రూడ్రైవర్ పెట్టి చూస్తే పిడిదాకా దిగిపోయింది. సరిగ్గా అప్పుడే గిరిధర్ ఫోన్ చేశాడు.

"బండి ఎంతవరకు వచ్చిందండి?"

"బండి పనైపోయిందండి" అన్నాడు సాల్మన్, దిగులుగా.

"అప్పుడేనా! రేపే వచ్చేస్తాం!"

"మీరొచ్చి చూస్తే మంచిదేనండి."

మర్నాడు లైట్లు, కెమెరాలు, గొడుగులు దిగాయి. అంబాసిడర్ మాత్రం ఇటుకల మీద ముక్కలుముక్కలుగా ఉంది. గిరిధర్ తల పట్టుకున్నాడు. కాసేపటికే తేరుకుని, ఏలూరు నుంచి పెళ్ళిళ్ళకి తిప్పే అంబాసిడర్‌ని అద్దెకి రప్పించాడు. అదే మీగడ రంగు. అద్దానికి మల్లెదండ ఇంకా వేలాడుతూనే ఉంది. దానిమీద ముసుగు కప్పారు. సాల్మన్ మొహానికి గ్రీజు పూశారు. నిప్పురవ్వలు బాగా పడతాయని, బండితో సంబంధం లేని ఇనుప కడ్డీని అతని చేత కోయించారు.

"అమ్మగారూ, ముసుగు తీయగానే 'ఇది నా బండే' అని కళ్ళు తుడుచుకోండి, చాలు" అన్నాడు గిరిధర్.

"నా బండి అదిగో, ఇటుకల మీదుంది. కళ్ళు తుడుచుకోవాల్సింది నువ్వు."

"టీవీలో ఇంతేనండి. ఇవాళ్టితో షూటింగ్ అయిపోవాలి."

"మరి దాని సామానో?"

"షూటింగ్ అయ్యాక సామానేంటండి?"

సత్యవతికి లెక్క తేలింది. కోళ్ళకీ గూడు లేదు, తనకీ బండి లేదు. సాల్మన్ ఏమైనా అంటాడేమోనని చూసింది.

"ఆయ్, అలాగేనండి" అన్నాడు సాల్మన్.

"నీ అలాగే కాల్చా! బాపిరాజు మీద చూపించిన పౌరుషం ఏమైందిరా?"

అతను ఆ మాట విననట్టే గిరిధర్ వైపు తిరిగాడు. "ఈ బండి సత్యవతిగారిదేనని అందరి ముందూ చెప్పాలాండి?"

"గట్టిగా చెప్పాలి."

"మీరూ చెప్తారాండి?"

"నేనే ముందు చెప్తాను!"

కెమెరా తిరిగింది. ముసుగు లేచింది. "ఇకమీదట ఈ బండి సత్యవతమ్మగారిదే!" అని గిరిధర్ చేతులు చాపి, లోకానికంతటికీ వినిపించేలా ప్రకటించాడు. అద్దె బండి డ్రైవరు ఆమె కొట్టు ముందు నిలబడి చప్పట్లు కొట్టాడు.

సాల్మన్ వెనక తలుపు తెరిచాడు. గుప్పున మల్లెల వాసన. ఎండుచేపల జాడే లేదు. సత్యవతి ముక్కు చిట్లించింది. అతను ఆమె చెవి దగ్గరికి వంగి, ఎప్పటిలాగే మెత్తగా అన్నాడు:

"ఎక్కి కూర్చోండి పిన్నిగారూ. వాళ్ళ సామానొచ్చి, మన బండి నడిచొచ్చి ఈ బండి పక్కన ఆగేదాకా, ఎవరు దిగమన్నా దిగకండేం."