తెర మీద నడిచిపోయేవాడు

1959 చలికాలం. మెట్‌పల్లి శివారులో మా టూరింగ్ టాకీసు డేరా. నేను ఆపరేటర్‌ని, అంటే ప్రొజెక్టర్ ఆడించేవాణ్ణి. నాలుగో తరగతిలోనే బడి నా చేతుల్లోంచి తప్పించుకుని బతికిపోయింది.

రీల్ అంటే ముందే గీసిపెట్టిన నుదుటి రాత. హీరో ఎక్కడ జారిపడాలో అక్కడే పడతాడు, మనం ఎంత మొక్కినా ఆగడు. కొన్నాళ్లకు జనం కూడా అంతే అనిపించింది. ఎక్కడ ముక్కు చీదుతారో, ఎక్కడ ఈల వేస్తారో ముందే చెప్పి, గేటు దగ్గర టికెట్లు చింపే మల్లయ్య మీద చాయ్ పందేలు గెలిచేవాణ్ణి. అన్ని చాయ్‌లు తాగి నిద్ర పట్టేది కాదు.

మగ్గం నేసే ఇంటి ముసలమ్మ రాజవ్వ రోజూ మొదటి ఆటకు వచ్చేది. బొంబాయి స్టేషన్ సీను కాగానే లేచి వెళ్లిపోయేది. ఎందుకని అడిగితే చెప్పింది. హీరో వెనకాల సంచి భుజాన వేసుకుని నడిచిపోయేవాడు ఆమె కొడుకట. కన్న బాపుతో కొట్లాడి పోయినవాడు, జాడ లేదు. సినిమాలో వాడి వీపు తప్ప ఏమీ కనబడదు.

“గియ్యాల తిరిగి చూస్తడేమో బిడ్డా.”

“అవ్వా, వాడు అచ్చయిపోయిండు. ఎన్నిసార్లు ఆడిచ్చినా తిరగడు.”

“నువ్వు ఆడిచ్చు. నేను చూస్త.”

డేరా ఎత్తే రోజు వచ్చింది. ఆ ముక్క కత్తిరించి ఇమ్మని అడుగుతుందని పందెం కాశాను. ఇచ్చేద్దామని కత్తెర కూడా జేబులో పెట్టుకున్నాను.

అడగలేదు. స్టేషన్ సీను రాగానే నేల టికెట్ల మధ్య నిలబడి, “గంగారాం” అని పిలిచింది. అన్నానికి పిలిచినట్టు, మెల్లగా.

తెర మీదివాడు తిరగలేదు. డేరాలో ఉన్నవాళ్లంతా తిరిగారు. బీడీ పొగలో, ఊగే వెలుగులో ఆ ముఖాలన్నీ నీళ్ల అడుగున ఉన్నట్టు కనిపించాయి.

బొంబాయి మిల్లు నుంచి సెలవు మీద ఊరికి వచ్చిన ఒకాయన లేచాడు. “తమ్మీ, జర మల్ల చూపియ్యి.”

రీల్‌ను మధ్యలో నిలబెడితే కార్బన్ల వేడికి, అంటే వెలుగిచ్చే కడ్డీల వేడికి, కాలిపోతుంది. దీపం ఆర్పేసి చేత్తో వెనక్కి చుట్టాను. తెర నల్లబడితే బెంచీలు విరగ్గొట్టే జనం చీకట్లో కదలకుండా కూర్చున్నారు.

మళ్లీ ఆడించాను. ఆయన తెర దాకా పోయి, తన నీడ పడకుండా వంగి చూశాడు.

“గీ నడక మా మిల్లు గేటుకాడ చూసిన అవ్వా. ఔనో కాదో చెప్పలేను. నాతోని రా, చూద్దాం.”

ఆమె వెళ్లింది. కొడుకు దొరికాడో లేదో నాకు తెలియదు, మా డేరా బోథ్ అనే ఊరు చేరింది. అక్కడా గంగారాం అదే సంచితో, తిరగకుండా నడిచిపోయాడు. వాడు ఏం చేస్తాడో నాకు తెలుసు. అందుకే ఆ సీను వచ్చినప్పుడల్లా తెరను వదిలి జనాన్ని చూసేవాణ్ణి. వాళ్లలో ఎవరు లేస్తారో, లేచి ఏం చేస్తారో ఒక్కసారి కూడా చెప్పలేకపోయాను.