చావింటి ముందు ఓటు

మొగుడు పోయాక సలోమేకి ఏడుపు రాలేదు. శవాన్ని చూస్తేగా ఏడవడానికి! ఆ సెప్టెంబరులో మాయరోగం ఫ్రాన్సు ఏలుబడిలో ఉన్న లిఫూ దీవి మీద పడింది. ఇసాయాని విమానమెక్కించి పెద్దదీవిలోని నుమేయా పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తిరిగొచ్చింది మేకులు కొట్టిన పెట్టె. పాస్టరు దూరంగా నిలబడి రెండు ముక్కలు చదివాడు, నలుగురు గబగబా మట్టి కప్పారు, అంతే. పక్కనే ఉన్న మరే అనే దీవి నుంచి రావాల్సిన మేనమామ కూడా రాలేకపోయాడు, పడవలన్నీ ఆపేశారు. ఇక్కడ మనిషికి ఊపిరి తల్లివైపు వాళ్ళిచ్చింది. పోయాక మేనమామ వచ్చి ఆ ఊపిరిని వెనక్కి తీసుకోవాలి. అది జరగందే చావు చావే కాదు.

ఇసాయా రేవులో బస్తాలు మోసేవాడు. ఒంట్లో ఎంత బలముందో నోట్లో అంత మాటుండేది, ఆ మాటంతా దేశం గురించే. పెండలం తోటలో కలుపు తీయమంటే స్వతంత్రం వచ్చాక తీస్తానంటున్నాడని సలోమే ఊరంతా చెప్పి నవ్వించేది. పైకి దెప్పేదే గాని, ఫ్రాన్సు నుంచి విడిపోదామా వద్దా అని ఓటు పెట్టి అడిగిన రెండుసార్లూ మొగుడికంటే ముందే వరసలో నిలబడింది, ఉన్నవాటిలో మంచి పూలగౌను వేసుకుని మరీ. రెండుసార్లూ ఓడిపోయారు. రెండోసారి తేడా బాగా తగ్గింది. ఓడిన రోజు కూడా ఇసాయా పాటలు పాడుకుంటూనే ఇంటికొచ్చాడు. ఫ్రాన్సుతో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఇంకోసారి అడగాలి, ఆ మూడోసారి మనదే అన్నాడు.

విమానం ఎక్కేముందు మూతిగుడ్డ కిందికి లాగి పెళ్ళాంతో ఒక్క మాటే చెప్పాడు.

"డిసెంబరు నాటికి నేను రాలేకపోయినా నువ్వు మాత్రం ఓటు మానకు సలోమే."

మానను, వెళ్ళిరా అందామె. మనిషి బతికుండగా ఆమె ఇచ్చిన ఆఖరి మాట అది.

ఇంతలో ఊరూరా చావులు. ఈ దీవుల్లో మొదటి నుంచీ ఉన్న కనాక్ జనం ఇళ్ళలో ఏడవని ఇల్లు లేదు. ఈ నేల మీద "మేం దుఃఖంలో ఉన్నాం" అన్న మాటకి తిరుగులేదు. పొలం గట్టు దగ్గర గొడ్డలి ఎత్తినవాడు కూడా అది వింటే దించేస్తాడు, పెళ్ళిళ్ళు ఆగిపోతాయి. అందుకే పెద్దలు పారిస్‌కి కబురు పెట్టారు, మేం దుఃఖంలో ఉన్నాం, ఓటు ఏడాది ఆపండి అని. కబురు పెట్టి నిబ్బరంగా కూర్చున్నారు. పిచ్చివాళ్ళు! ఆ మాటకి అక్కడ కూడా విలువుంటుందనుకున్నారు. తారీఖు దగ్గరపడుతున్నా సలోమే మరిది పస్సా మాత్రం, ఆఖరి రోజునైనా ఆపుతారు, వాళ్ళకి మాత్రం తల్లుల్లేరా అంటూనే ఉన్నాడు.

ఆపలేదు. తుపాకీ పోలీసులు మాత్రం ఓడల్లో దిగారు. అప్పుడు పెద్దలు ఇంకో మాట చెప్పారు: దుఃఖంలో ఉన్నవాళ్ళం, ఎవరమూ ఓటుకి వెళ్ళొద్దు.

ఆ ఆదివారం సలోమే నల్లగౌను వేసుకుని బడి దారి పట్టింది. ఓట్లు అక్కడే. దారి పొడుగునా తలుపులు మూసి ఉన్నాయి. పస్సా వెనకనుంచి రొప్పుతూ వచ్చి అడ్డం నిలబడ్డాడు. అన్న పోయినప్పటి నుంచి గడ్డం తీయలేదేమో, అచ్చం ఇసాయాలాగే ఉన్నాడు.

"ఎక్కడికి వదినా?"

"తెలిసి అడుగుతావేం. మీ అన్నకి మాటిచ్చాను."

"నువ్వు లోపలికి వెళ్తే వాళ్ళేమంటారో తెలుసా? పెళ్ళామే వచ్చి ఓటేసింది, ఇంక దుఃఖమేంటంటారు. అన్న కోసం ఏడవడం అయిపోయిందా మనకి?"

"మొదలే పెట్టలేదు కదరా," అంది సలోమే.

ఇంక కాళ్ళు ముందుకి పడలేదు. వెళ్తే చచ్చినవాడి దుఃఖాన్ని తొక్కినట్టు, వెళ్ళకపోతే వాడికిచ్చిన మాట తప్పినట్టు. దారి పక్క రాతిగోడ మీద కూలబడింది. బడి లోపల పెట్టె ముందు గుమాస్తాలు ఊరికే కూర్చుని ఉండటం అక్కడికే కనిపిస్తోంది. ఎండ మండిపోతున్నా లేవలేదు. బడి తలుపు వేసేదాకా కూర్చుని, పస్సా చెయ్యి పట్టుకుని ఇంటికొచ్చింది.

సాయంత్రం రేడియోవాడు నూటికి తొంభై ఆరుమంది ఫ్రాన్సుతోనే ఉంటామన్నారని చెప్పాడు. సగంమందికి పైగా ఓటుకే రాలేదన్న మాట కూడా ఎత్తాడు, వాన కురిసిందని చెప్పినంత తేలిగ్గా. ఇక ప్రశ్న ముగిసినట్టే అన్నాడు. అప్పుడేడ్చింది సలోమే. మొగుడి కోసమో, దేశం కోసమో ఆమెకే తెలియదు. గుండెలు బాదుకుని, గొంతు పోయేదాకా ఏడ్చింది. పస్సా ఆపలేదు. తనూ ఏడుస్తూ కూర్చున్నాడు.

ఏడాది తిరిగాక దుఃఖం దించే రోజొచ్చింది. మగవాళ్ళు గడ్డాలు తీయించుకున్నారు, అరిటాకుల్లో చుట్టిన పెండలాలు వేడిరాళ్ళ మీద ఉడికాయి. మరే దీవి నుంచి పడవలో ఇసాయా ముసలి మేనమామ వచ్చాడు. ఇసాయా ఇంటివాళ్ళు ఆచారం ప్రకారం ఇచ్చిన గుడ్డలు అందుకుని, మేనల్లుడి ఊపిరి నాకు ముట్టిందన్నాడు. ఆయనకో అలవాటుంది, సమాధి దగ్గర కూర్చుని పోయినవాడికి ఇంటి కబుర్లన్నీ చెప్తాడు. తోట బాగా పండిందిరా అన్నాడు. మీ తమ్ముడు కప్పు కొత్తగా వేయించాడురా అన్నాడు. చెప్పి చెప్పి ఆగిపోయి సలోమే వైపు తిరిగాడు.

"ఓటు సంగతి అడుగుతాడమ్మా. ఏం చెప్పమంటావు?"

అందరూ తలలు దించుకున్నారు. సలోమే కొంగున్నట్టు గౌను అంచు నోటికి అడ్డం పెట్టుకుంది, మళ్ళీ తీసేసింది.

"ఇంకా పెట్టలేదని చెప్పండి మావయ్యా. మనం దుఃఖంలో ఉన్నామని ఆగారని చెప్పండి."